ప్రొపెల్లర్ షాఫ్టు: బలం, బరువు, అదురు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో పెన్షన్ సంగతులు, కరువు భత్యం, వైద్య సదుపాయం ఎలాగూ చర్చకు వస్తాయి. ఈసారి కార్యదర్శిగారు "మీరు వర్క్‌షాపు మనిషి, ఇంట్లో పిల్లలు కూడా వినేలా ఒక బండి సంగతి చెప్పండి" అని ఆదేశించారు. ఏ సంగతి చెప్పాలా అని ఆలోచిస్తుండగా మన సభ్యులొకరు తమ మనవడి ప్రశ్న నాకు అందజేశారు. అబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. 2005లో వచ్చిన నమూనా ఫోర్డ్ మస్టాంగ్ కారు పాతది కొన్నాడు. దానికి కంపెనీవారు రెండు ముక్కల ఉక్కు ప్రొపెల్లర్ షాఫ్టు ఇచ్చారు. అది తీసేసి ఒకే ముక్క అల్యూమినియం షాఫ్టు వేయాలని అతని కోరిక. స్నేహితుడొకడు కార్బన్ ఫైబర్ అయితే ఇంకా మంచిదంటున్నాడట. "తాతయ్యా, ఏది గట్టిది?" అని అడిగాడు.

ప్రశ్న మంచిదే. కాని దాన్ని కొంచెం మార్చి అడగాలి. షాఫ్టు విషయంలో ఏది గట్టిది అన్నది రెండో ప్రశ్న. ఏ వేగం దగ్గర అది వంగి ఊగడం మొదలుపెడుతుంది అన్నది మొదటి ప్రశ్న. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

షాఫ్టు చేసే పని

కుటుంబ సభ్యుల కోసం ముందు రెండు మాటలు. ఇంజను, గేర్ బాక్సు ముందుంటాయి. తిప్పవలసిన చక్రాలు వెనకుంటాయి. ఈ రెండింటినీ కలుపుతూ బండి కింద పొడుగ్గా తిరిగే గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. గేర్ బాక్సు కదలదు. వెనక హౌసింగ్ మాత్రం గుంటలకు, మిట్టలకు కిందికీ పైకీ ఆడుతూ ఉంటుంది. అందుకని గొట్టానికి రెండు చివర్లా క్రాసు జాయింట్లు, పొడవు తగ్గి పెరగడానికి పళ్లున్న స్లిప్ జాయింటు పెడతారు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కూ ఇదే ఏర్పాటు, మన బస్సులకూ ఇదే. బస్సు పొడుగు కాబట్టి షాఫ్టును రెండు మూడు ముక్కలు చేసి, మధ్యలో ఛాసిస్‌కు వేలాడే సెంటర్ బేరింగ్ పెడతారు.

ఇప్పుడు మన ఇళ్లల్లో ఉండే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలే తిరుగుతాయి. 1983లో వచ్చిన మారుతి 800తోనే ఆ పద్ధతి మన ఇళ్లకు చేరింది. వాటికి ప్రొపెల్లర్ షాఫ్టు ఉండదు. ముందు చక్రాలకు రెండు పొట్టి షాఫ్టులుంటాయి. కాని బొలేరో, ఇన్నోవా క్రిస్టా వంటి అద్దె బళ్లలో మనం తీర్థయాత్రలకు, పెళ్లిళ్లకు వెళుతూనే ఉంటాం. వాటి కింద ఈ షాఫ్టు ఉంది. కనుక ఈ సంగతి అమెరికా కుర్రాడికే కాదు, మనకూ అవసరమే.

బలం లెక్క

ముందు గట్టిదనం సంగతి తేల్చేద్దాం. 400 న్యూటన్ మీటర్ల మెలి ఇచ్చే పెద్ద ఇంజను తీసుకుందాం. అంటే మీటరు పొడవు రెంచి చివర సుమారు 40 కిలోల బరువు వేలాడదీసినంత. మొదటి గేరులో అది మూడున్నర రెట్లకు పైగా పెరిగి 1440 దాకా వస్తుంది. దీన్ని 75 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న ఉక్కు గొట్టం మోస్తోందనుకోండి. గొట్టం గోడలో చదరపు మి.మీ.కు సుమారు 86 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. మంచి రకం ఉక్కు గొట్టం 200 దాకా తట్టుకుంటుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలి కారును ఉరికిస్తే మెలి రెట్టింపై ఒత్తిడి 172కు పోతుంది. అప్పటికీ హద్దు దాటలేదు. ఇంజను ఇంకా పెద్దదైతే గోడ మందం ఒక మి.మీ. పెంచుకుంటే సరిపోతుంది.

అంటే ఇంత సన్నని గోడ ఉన్న మామూలు ఉక్కు గొట్టం కూడా బలం పరీక్షలో నెగ్గుతుంది. ఇబ్బంది వచ్చేది వేగం పరీక్షలో.

కావడి, తాడు

మన ఊళ్లల్లో కావడి మోసేవారిని చూసిన పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. కావడిబద్ద ఊపుకు అడుగు కలిసిందంటే బద్ద ఇంతెత్తున ఎగిరిపడుతుంది. అడుగు కొంచెం మారిస్తే సర్దుకుంటుంది. బరువు మారలేదు, బద్ద మారలేదు. ఊపు, అడుగు కలవడమే కారణం.

షాఫ్టుకూ అంతే. ప్రతి గొట్టానికీ తనదైన ఒక ఊపు ఉంటుంది. ఏ గొట్టమూ నూటికి నూరుపాళ్లు సూటిగా, సమతూకంగా ఉండదు. తిరిగే వేగం దాని సొంత ఊపుతో కలిసినప్పుడు ఆ కాస్త వంకరే పెద్దదవుతుంది. ఆడపిల్లలు తాడాట ఆడేటప్పుడు తాడు మధ్యలో ఎలా విల్లులా వంగి తిరుగుతుందో, ఉక్కు గొట్టం కూడా అలా తిరగడం మొదలుపెడుతుంది. ఆ వేగాన్నే క్రిటికల్ స్పీడు అంటాం. అక్కడ కొద్దిసేపు నిలిస్తే చాలు, బేరింగులు, గేర్ బాక్సు వెనక మూత, క్రాసులు దెబ్బతింటాయి. ఇంకా నిలిస్తే గొట్టమే వంగి తెగుతుంది.

ఈ వేగాన్ని నిర్ణయించేవి మూడు. మొదటిది పొడవు. పొడవు సగమైతే క్రిటికల్ స్పీడు నాలుగు రెట్లవుతుంది. రెండోది వ్యాసం. సన్నని గోడ గొట్టానికి వ్యాసం ఎంత పెరిగితే వేగమూ ఇంచుమించు అంత పెరుగుతుంది. గోడ మందం పెంచితే మాత్రం దాదాపు ఏమీ పెరగదు. గట్టిదనంతోపాటు బరువూ పెరుగుతుంది కదా.

మూడోది లోహం. ఇక్కడే చాలామంది పొరబడతారు. లోహం వంగకుండా నిలిచే గుణాన్ని దాని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చే సంఖ్య లెక్కలోకి వస్తుంది. సులువుగా చెప్పాలంటే ఆ లోహపు కడ్డీలో శబ్దం ప్రయాణించే వేగం. ఉక్కులో అది సెకనుకు సుమారు 5.1 కిలోమీటర్లు. అల్యూమినియంలోనూ సుమారు 5.1. ఎంతో ఖరీదైన టైటానియంలోనూ అంతే. అల్యూమినియం బరువు ఉక్కులో మూడోవంతే, నిజమే. కాని దాని బిగువు కూడా మూడోవంతే. రెండూ కొట్టుకుపోతాయి. కాబట్టి ఉక్కు గొట్టం తీసి అదే పొడవు, అదే వ్యాసం ఉన్న అల్యూమినియం గొట్టం వేస్తే అదురు మొదలయ్యే వేగం దాదాపు మారదు. డబ్బు మాత్రం మారుతుంది.

అంకెల్లో చూద్దాం

ఒకటిన్నర మీటరు పొడవు, 75 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న ఉక్కు గొట్టానికి లెక్క కడితే క్రిటికల్ స్పీడు నిమిషానికి సుమారు 5550 చుట్లు. చక్రం ఒక చుట్టుకు 2 మీటర్లు పోతుందని, క్రౌన్ పినియన్ నిష్పత్తి 3.7 అని అనుకుందాం. గంటకు 180 కి.మీ. వేగంలో షాఫ్టు సరిగ్గా 5550 చుట్లు తిరుగుతుంది. పైగా ఈ లెక్కలో రెండు చివర్లూ గట్టి ఆధారం మీద ఉన్నాయనుకున్నాం. బండిలో గేర్ బాక్సు రబ్బరు మీద కూర్చుంటుంది, హౌసింగ్ ఊగుతూ ఉంటుంది. కనుక అసలు హద్దు ఇంకా కిందనే ఉంటుంది. అందుకే లెక్కలో వచ్చినదానికి 70 శాతం లోపే నడపాలని జాగ్రత్త పడతారు. అలా చూస్తే ఈ షాఫ్టుకు భద్రమైన వేగం గంటకు 125 కి.మీ. దగ్గరే ఆగిపోయింది. పరుగు కోసం కొన్న కారుకు అది చాలదు.

ఇప్పుడు 100 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం గొట్టం వేద్దాం. క్రిటికల్ స్పీడు సుమారు 7260కి పెరుగుతుంది. భద్రమైన వేగం 165 కి.మీ. దాకా పోతుంది. ఇది అల్యూమినియం మహిమ అనుకోకండి. వ్యాసం మహిమ. అదే వ్యాసంలో 2 మి.మీ. ఉక్కు గొట్టం వేసినా 7450 వస్తుంది. కాని ఆ ఉక్కు గొట్టం 7 కిలోల పైచిలుకు తూగుతుంది. అల్యూమినియం గొట్టం 3.7 కిలోలు. లావు గొట్టాన్ని బరువు పెరగకుండా వేసుకోనిస్తుంది కనుకనే అల్యూమినియం వాడతారు.

మూడో దారి కంపెనీవారు మొదట ఇచ్చినదే. ఆ ఒకటిన్నర మీటరును రెండు ముప్పావు మీటరు ముక్కలు చేయడం. 75 మి.మీ. ఉక్కు గొట్టమే అయినా ఒక్కో ముక్కకు క్రిటికల్ స్పీడు 22,000 దాటుతుంది. ఏ రోడ్డు కారూ అంత వేగం తిప్పదు. దీనికి చెల్లించే మూల్యం ఒక అదనపు క్రాసు జాయింటు, ఒక సెంటర్ బేరింగ్, దాని రబ్బరు. అవి అరుగుతాయి, మార్చుకోవాలి. కాని కంపెనీ రెండు ముక్కలు పెట్టింది పిసినారితనంతో కాదు, లెక్క చూసి పెట్టింది అని పిల్లలు తెలుసుకోవాలి.

ఇంకో భ్రమ కూడా ఉంది. షాఫ్టు తేలికైతే కారు బాణంలా దూసుకుపోతుందని ప్రచారం. తిరిగే వస్తువు విషయంలో బరువుతోపాటు అది ఇరుసుకు ఎంత దూరంలో ఉందన్నది కూడా చూడాలి. నేను చెప్పిన లావు అల్యూమినియం గొట్టం సన్న ఉక్కు గొట్టం కన్నా తేలికే. కాని లోహం ఇరుసుకు దూరంగా జరిగింది కనుక దాన్ని తిప్పడానికి పట్టే శ్రమ తగ్గకపోగా కాస్త ఎక్కువే. చక్రాలు, టైర్ల ముందు ఈ రెండూ లెక్కలోకి రానంత చిన్నవి. బండి మొత్తం బరువులో ఒకటి రెండు కిలోలు తగ్గుతాయి, అంతే.

కార్బన్ ఫైబర్ సంగతి

కార్బన్ ఫైబర్ మాత్రం నిజంగా వేరే జాతి. అది లోహం కాదు, సన్నని నారలను జిగురులో పొదిగి చేసిన గొట్టం. నారలను పొడవునా పరిస్తే వంగకుండా నిలుస్తుంది, 45 డిగ్రీల ఏటవాలుగా చుడితే మెలిని మోస్తుంది. రెండూ కావాలి కనుక రెండు రకాల పొరలూ వేస్తారు. ఆ పాళ్లను బట్టి ఇందాక చెప్పిన శబ్ద వేగం లోహాలకు ఒకటిన్నర రెట్ల దాకా వస్తుంది. మన 75 మి.మీ. గొట్టానికి 5550 బదులు సుమారు 8000 చుట్లు వస్తాయన్నమాట. పైగా నార, జిగురు కలిసిన పదార్థం అదురును లోహం కన్నా త్వరగా తనలో అణచుకుంటుంది.

అందుకే 2013 నమూనా మస్టాంగ్ షెల్బీ జీటీ 500 కారుకు ఫోర్డ్ కంపెనీయే ఒకే ముక్క కార్బన్ షాఫ్టు ఇచ్చింది. అది 662 హార్స్ పవర్ బండి, గంటకు 320 కి.మీ. అందుకోవాలని చేసింది. బీఎండబ్ల్యూవారు 2014లో వచ్చిన ఎం3, ఎం4 కార్లకు సెంటర్ బేరింగే లేకుండా ఒకే కార్బన్ షాఫ్టు వేశారు. కాని 2017 చివర్లో వారే మళ్లీ ఉక్కుకు వచ్చారు. పొగ శుభ్రపరిచే ఫిల్టరును ఎగ్జాస్టులో అమర్చవలసి వచ్చింది. లావుపాటి కార్బన్ గొట్టానికి అక్కడ చోటు చాలలేదు. అంత పేరున్న కంపెనీ కూడా పదార్థం పరువు చూడలేదు, బండి కింద ఉన్న చోటు చూసి నిర్ణయించింది.

కార్బన్‌కు బలహీనతలూ ఉన్నాయి. జిగురుకు వేడి పడదు, పక్కనే ఎగ్జాస్ట్ గొట్టం కాలుతూ ఉంటుంది. రాయి తగిలితే ఉక్కు గొట్టం సొట్టపోయి మనకు కనిపిస్తుంది. కార్బన్ గొట్టంలో పైకి చిన్న గీత కనిపించినా లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. సొట్ట తీసినట్టు దాన్ని బాగుచేయడం కుదరదు, మార్చాల్సిందే. గొట్టానికీ చివరి లోహపు ముక్కకూ ఉన్న అతుకు కూడా పనితనాన్ని బట్టే ఉంటుంది. ఒక మంచి గుణమేమంటే, తెగితే అది చీపురులా నారలు నారలుగా విచ్చుకుంటుంది. ఉక్కు గొట్టంలా దుడ్డుకర్ర అయి నేలపట్టీని బాదదు.

అల్యూమినియానికీ ఒక మాట చెప్పాలి. వెల్డింగు చేసిన చోట వేడికి దాని బలం చాలా తగ్గిపోతుంది. అందుకే ఈ పని తెలిసిన సంస్థలు వెల్డు దగ్గర తగిన మందం ఉంచుతాయి. వీధి చివర వెల్డింగు షాపులో అల్యూమినియం షాఫ్టు కోసి పొట్టి చేయించడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

అదురు ఎక్కడి నుంచి?

వేగం హద్దు లోపలే నడుపుతున్నా అదురు రావచ్చు. దానికి కారణాలు వేరు. వాటిని ఒకదానితో ఒకటి కలపకుండా విడదీయడమే మెకానిక్ పనితనం.

గంటకు 100 కి.మీ. వేగంలో మన ఉదాహరణ కారు చక్రం సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. షాఫ్టు సెకనుకు 51 సార్లు. క్రాసు జాయింటు తెచ్చే అదురు చుట్టుకు రెండుసార్లు కనుక సెకనుకు 102 సార్లు. కాబట్టి స్టీరింగూ సీటూ నెమ్మదిగా ఊగితే టైరు, డిస్కు చూడాలి. నేల కింద గుంయ్‌మని మోత, పాదాలకు సన్నని జలదరింపు ఉంటే షాఫ్టు బ్యాలెన్సు చూడాలి. మోత ఇంకా సన్నగా, బరువు వేసినప్పుడు ఒకలా, దించినప్పుడు ఒకలా ఉంటే జాయింట్ల కోణాలు చూడాలి. వేగం అలాగే ఉంచి గేరు మార్చి చూడండి. మోత మారకపోతే ఇంజనుది కాదు, దాని వెనక భాగానిది.

బ్యాలెన్సు ఎంత ముఖ్యమో ఒక్క అంకె చెబుతాను. గొట్టం మీద ఒక పక్క 10 గ్రాములు ఎక్కువున్నాయనుకోండి. నిమిషానికి 3000 చుట్లలో అది దాదాపు 4 కిలోల బరువుతో గుంజుతుంది. 6000 చుట్లలో 15 కిలోలు. వేగం రెట్టింపైతే గుంజుడు నాలుగింతలు. షాఫ్టు మీద అతికించిన చిన్న రేకు ముక్కలు అందుకే. శుభ్రం చేసేటప్పుడు వాటిని పీకేయకూడదు. అండర్ కోటింగ్ తారు షాఫ్టు మీద చిమ్మకూడదు. కొన్ని షాఫ్టుల గొట్టం లోపల అట్టను చుట్టి పెడతారు. చెత్త అనుకోకండి, మోతను అణచడానికే అది.

ఇక క్రాసు జాయింటు. కోణంలో తిరిగేటప్పుడు అవతలి కొన ఒక చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. కోణం 3 డిగ్రీలైతే ఆ తేడా నూటికి ఒకటిలో ఏడోవంతు, పట్టించుకోనక్కరలేదు. 10 డిగ్రీలైతే నూటికి ఒకటిన్నర. రెండు చివర్లా కోణాలు సమానంగా ఉండి, యోకులు ఒకే వరుసలో ఉంటే ఒకదాని తేడాను రెండోది సరిచేస్తుంది. కోణం పూర్తిగా సున్నా అయినా మంచిది కాదు. సూది రోలర్లు కదలకుండా ఒకేచోట నిలబడి క్రాసు మీద గాడులు చేస్తాయి.

డ్రైవరు మాట

ఈ సందర్భంలో నా సర్వీసులో చూసిన ఒక కేసు చెప్పాలి. డిపో పేరు, మనిషి పేరు అనవసరం. దూరపు రూటులో నడిచే ఒక బస్సుకు సెంటర్ బేరింగ్ రబ్బరు వరసగా మూడుసార్లు చిరిగిపోయింది. "స్పీడు 50 దాటితే నేల కింద మోత, లోడు మీద ఎక్కువ" అని డ్రైవరు లాగ్ షీటులో రాస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ ఖాళీ బస్సును ఊళ్లో ఒక చుట్టు తిప్పి "పరీక్షించాం, సరిగానే ఉంది" అని రాసేవారు. మూడో రబ్బరు పోయాక, డ్రైవరు బండిని మోటుగా నడుపుతున్నాడని అతనికి మెమో ఇచ్చారు.

బస్సు వర్క్‌షాపుకు వచ్చినప్పుడు షాఫ్టు దింపి చూశాం. స్లిప్ జాయింటు మీద ఒక బాణం గుర్తు, గొట్టం మీద ఒక బాణం గుర్తు ఉంటాయి, రెండూ ఎదురెదురుగా రావాలి. ఎప్పుడో విప్పి బిగించినప్పుడు రెండు పళ్ల తేడాతో కూర్చోబెట్టారు. ఒక జాయింటు తేడాను రెండోది పూర్తిగా సరిచేయడం లేదు. ఖాళీ బస్సులో ఆ అదురు తెలియదు. లోడు పడి కమాన్లు అణిగి కోణాలు మారితే, ఆపైన వేగం అందుకుంటే, అప్పుడు తెలుస్తుంది. బాణాలు కలిపి బిగించి, ఇసుక మూటలు వేసి పెద్ద రోడ్డు మీద నడిపించాం. మోత పోయింది. ఆ కాగితం ఫైలులో చేరాక మెమో రద్దయింది. ఆ డ్రైవరు రాసిన ప్రతి మాటా నిజమే. వేగం ఎంత, లోడు ఎంత అన్నది కూడా అతనే రాశాడు. ఆ రెండూ లేకుండా పరీక్ష చేయడమే లోపం.

మూడుసార్లు రబ్బరు మార్చడం రోగానికి మందు కాదు, నొప్పికి మాత్ర. మెత్తని రబ్బరు డిస్కులు, డ్యాంపర్లు మంచివే. కాని కారణం వెతకకుండా వాటితో అదురును కప్పిపెడితే అది లోపల లోపల తినేస్తుంది.

అబ్బాయికి నా జవాబు

మస్టాంగ్ అబ్బాయికి నేను రాయించిన జవాబు ఇది. నాయనా, ముందు నువ్వు నడిపే అత్యధిక వేగం ఎంతో చెప్పుకో. దాన్ని షాఫ్టు చుట్లలోకి మార్చుకో. త్వరగా ఉరకడానికి క్రౌన్ పినియన్ మారుస్తావేమో, 3.7 తీసి 4.1 వేస్తే అదే రోడ్డు వేగానికి షాఫ్టు నూటికి 11 వంతులు ఎక్కువ తిరుగుతుంది. 180 దగ్గర ఉన్న ప్రమాదం 162కే వస్తుంది. తరువాత నీ కారుకు కావలసిన పొడవు, కింద పట్టే వ్యాసం కొలిపించు. అమ్మేవాడిని బలం సంగతి అడిగే ముందు "ఈ పొడవుకు క్రిటికల్ స్పీడు ఎంత, ఎన్ని చుట్ల దగ్గర బ్యాలెన్సు చేశారు" అని అడుగు. కాగితం మీద రాసి ఇస్తే కొను, లేకపోతే వద్దు. ముక్కలు రెండు నుంచి ఒకటైనప్పుడు వెనక పినియన్ కోణం మళ్లీ సరిచూడాలి. షాఫ్టు చుట్టూ ముందు జాయింటు దగ్గర ఉక్కు పట్టీ బిగించుకో. ముందు క్రాసు విరిగితే గొట్టం కొన రోడ్డు మీద గుచ్చుకోకుండా ఆపేది అదే. పోటీ పందాల్లో ఆ పట్టీ నియమం ఊరికే పెట్టలేదు. రోడ్డు మీద మామూలుగా తిరగడానికే అయితే కంపెనీ ఇచ్చిన రెండు ముక్కల ఉక్కు షాఫ్టుకు మంచి క్రాసులు, కొత్త సెంటర్ బేరింగ్ వేయించుకుని హాయిగా ఉండు.

మన దేశంలో ఉన్న పిల్లలకు ఇంకొక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం స్పష్టం చేసింది. మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కులు వస్తాయి.

మనం చేయగలిగినది

పెద్దలుగా మనం రోజూ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. అద్దె బండి ఎక్కేముందు డ్రైవరును "కింద ఏమైనా మోత వస్తోందా నాయనా" అని అడగండి. గేరు వేసి కదిలేటప్పుడు కింద టక్కుమంటే క్రాసు అరిగిందని అర్థం. క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండి తుప్పు పట్టింది, వెంటనే మార్పించాలి. గ్రీజు నిపుల్ ఉన్నచోట నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టించాలి. షాఫ్టు విప్పే ముందు సుద్దతో గుర్తు పెట్టమని చెప్పండి. ఇంట్లో ముందు చక్రాల కారుంటే, మలుపులో టకటకమంటోందా, చక్రం వెనక రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్ముతోందా చూసుకోండి. బూటు మార్చడం కొద్ది ఖర్చు, జాయింటు మార్చడం పెద్ద ఖర్చు.

మిత్రులారా, మన చేతుల్లో ఇప్పుడు స్పానర్లు లేవు. చెవులు, అనుభవం ఉన్నాయి. వినికిడి కొంచెం తగ్గినా పాదాలకు అదురు తెలుస్తూనే ఉంటుంది. పిల్లలు బండి గురించి మాట్లాడినప్పుడు "మాకెందుకులే" అనకుండా, ఎంత వేగంలో వస్తోంది, లోడు మీదా ఖాళీగానా, గేరు మార్చితే మారుతోందా అని మూడు ప్రశ్నలు వేయండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.